నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్

మా చుట్టాల్లో నాకు కంప్యూటర్ తెలిసినవాడినని పేరు. ఎవరి సిస్టమ్ నెమ్మదించినా వెళ్ళి, ఏవీజీ అనే ఉచిత యాంటీవైరస్ ఎక్కించి, కాఫీ తాగి వచ్చేవాణ్ణి. భీమవరంలో ఉండి రోడ్డు నుంచి జువ్వలపాలెం రోడ్డు దాకా మావాళ్ళ ఇళ్ళల్లో నా చేతిచలవే.

నా వైద్యమంతా మూడు నొక్కులు: నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. మధ్యలో ఒక చిన్న గడిలో టిక్కు ముందే పెట్టి ఉండేది. టూల్‌బార్ కూడా వేస్తాం, హోమ్ పేజీ మారుస్తాం అని దాని సారాంశం. చదివిన పాపాన పోలేదు. చదివినా టిక్కు తీసేవాణ్ణి కానేమో, ‘సెక్యూర్’ అని రాసుంది కదా!

నాది రొయ్యల మేత వ్యాపారం. పీసీఆర్ రిపోర్టు చూసి, తెల్లమచ్చ తెగులు లేదని తేలాకే రొయ్యపిల్లల్ని చెరువులో వదలమని రైతులకి రోజూ చెప్పే నోరిది. ఊరికే వచ్చిన ప్రోగ్రామ్ దగ్గరికొచ్చేసరికి ఆ నోరు పెగల్లేదు.

ఓ రోజు మా మేనల్లుడు ఫోన్ చేశాడు. “మావయ్యా, గూగుల్ కొడితే ఇంకేదో వత్తంది. పైన పట్టీలు పేర్చినట్టున్నాయి, సగం స్క్రీనే మిగిలింది.”

“అది సెక్యూరిటీ రా, ముట్టుకోకు” అన్నాను, తడుముకోకుండా.

తర్వాత పేపర్లో చదివి తెల్లబోయాను. 2014 జులైలో అమెరికాలోని సెర్ట్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ నిపుణులు ఏవీజీ సెక్యూర్ సెర్చ్ టూల్‌బార్‌లో లొసుగుందని హెచ్చరించారు. అది ఉన్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో దొంగ పేజీ ఒకటి తెరిస్తే చాలు, అవతలివాడు మన కంప్యూటర్లో తన ప్రోగ్రామ్ నడిపించుకోవచ్చు. 2015 డిసెంబరులో గూగుల్ భద్రతా బృందం ప్రాజెక్ట్ జీరోకి చెందిన టావిస్ ఓర్మండీ ఇంకోటి బయటపెట్టాడు. ఏవీజీతో పాటు క్రోమ్‌లోకి దూరే వెబ్ ట్యూన్‌అప్ అనే ఎక్స్‌టెన్షన్‌ని అప్పట్లో సుమారు 90 లక్షల మంది వాడేవారు. మనం ఏయే సైట్లు చూశామో వేరే సైట్లు లాగేసుకునే వీలు దానివల్ల ఏర్పడింది. రెండిటినీ కంపెనీ తర్వాత సరిచేసింది.

అప్పటికి గానీ బుర్రకెక్కలేదు. ఏ పేజీ మంచిదో ఏది చెడ్డదో చెప్పాలంటే ఆ టూల్‌బార్ మనం తెరిచే ప్రతి పేజీనీ గమనించాలి. అంటే బ్యాంకు పేజీ తెరిచినా మన పక్కనే ఉంటుంది. అది చూసింది ఎక్కడికి పోతుందన్నది కంపెనీవాళ్ళ దయ. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, యాంటీవైరస్ ద్వారా పోగైన జనం బ్రౌజింగ్ వివరాలు అమ్ముకున్నారన్న అభియోగం మీద 2024లో అవాస్ట్ అనే యాంటీవైరస్ సంస్థ 1.65 కోట్ల డాలర్లు కట్టేందుకు ఒప్పుకుంది.

నా కంప్యూటర్లోవి ఆ పేపరు చదివిన రాత్రే పీకేశాను. మావాళ్ళకి మాత్రం చెప్పలేదు. చెబితే పేరు పోతుందని! టిక్కు చూడకపోవడం తెలివితక్కువతనం, ఇది అంతకన్నా చెడ్డపని.

కాబట్టి చుట్టపక్కాలకి మనవి. కంట్రోల్ ప్యానెల్లో ప్రోగ్రామ్స్ తెరవండి, బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు చూడండి. మీరు కోరి వేసుకోని టూల్‌బార్లూ ఎక్స్‌టెన్షన్లూ తీసేయండి. విండోస్ 8 నుంచీ డిఫెండర్ అనే యాంటీవైరస్ అందులోనే వస్తోంది, ఇంటికి చాలామటుకు అదే సరిపోతుంది. ఎవరు పెట్టారివన్నీ అని పిల్లలడిగితే మొహమాటపడకుండా నా పేరే చెప్పండి.