నేను ఏడో నంబరు జెర్సీని

లివర్‌పూల్ క్లబ్బులో నాకు బట్ట ఏటేటా మారుతుంది. ఒకప్పుడు మందపాటి నూలు, ఇప్పుడు చెమట నిలవని పాలిస్టర్. ఛాతీ మీదికి వ్యాపారుల పేర్లు వస్తాయి, పోతాయి. వీపు మీది ఏడు మాత్రం ఉండిపోతుంది. ఆ ఏడే నేను.

కెవిన్ కీగన్ నన్ను ఆరేళ్ళు తొడుక్కున్నాడు. 1977లో రోమ్‌లో యూరోపియన్ కప్పు గెలిచి, ఆ వేసవిలోనే జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుకి వెళ్ళిపోయాడు. అతని స్థానంలో స్కాట్లాండ్‌లోని సెల్టిక్ నుంచి కెన్నీ డాల్‌గ్లిష్ వచ్చారు. మరుసటి ఏడు వెంబ్లీలో జరిగిన యూరోపియన్ ఫైనల్లో పడిన ఒకే ఒక్క గోల్ ఆయనదే. 1999లో స్టీవ్ మెక్‌మానమన్ ఒప్పందం గడువు తీరగానే రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళాడు. క్లబ్బుకి ఒక్క పౌండు కూడా రాలేదు. ఆటగాడు దేశం దాటి వెళ్ళడం నాకు కొత్త కాదు. అందుకు నేను ఏనాడూ ఎవరినీ తప్పు పట్టలేదు. ఎక్కువ డబ్బో, ఎక్కువ ఎండో, పెద్ద కప్పో, వాళ్ళ కారణాలు వాళ్ళవి.

లూయిస్ సువారెజ్ సంగతి వేరు. అతను వెళ్ళిన తీరు ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

2011 జనవరి 31న డచ్ క్లబ్బు అయాక్స్ నుంచి వచ్చాడు. ధర సుమారు 2 కోట్ల 28 లక్షల పౌండ్లు. అదే రోజు మా ఊరు నెత్తిన పెట్టుకున్న ఫెర్నాండో టోరెస్ చెల్సీకి వెళ్ళిపోయాడు. ఇల్లు బోసిపోయిన వేళ వచ్చినవాడు కాబట్టి సువారెజ్‌ని అందరూ ఆశగా చూశారు. అప్పటికి మళ్ళీ మేనేజర్‌గా వచ్చిన డాల్‌గ్లిష్, ఒకప్పుడు తను మోసిన నన్ను అతనికి ఇచ్చారు. రెండు రోజుల తర్వాత స్టోక్ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగి గోల్ కొట్టాడు.

ఎలాంటివాణ్ణి తెచ్చుకుంటున్నామో తెలియక తెచ్చుకోలేదు. 2010 ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్లో, ఆఖరి క్షణాల్లో గోల్లోకి పోతున్న ఘనా బంతిని చేత్తో ఆపింది అతనే. రెడ్ కార్డు చూసి ఏడుస్తూ వెళ్ళినవాడు, ఘనా పెనాల్టీ క్రాస్‌బార్‌కి తగలగానే ఎగిరి గంతులేశాడు. ఉరుగ్వేలో వీరుడు, ఆఫ్రికా అంతటా మోసగాడు. ఆ ఏడాది నవంబరులోనే పీఎస్‌వీ ఆటగాడు ఒట్మాన్ బక్కల్ భుజం కొరికి ఏడు మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు. మా దగ్గరికి వచ్చినప్పుడు ఆ నిషేధం ఇంకా నడుస్తూనే ఉంది.

అతని వీపు మీద ఉండడమంటే ఏమిటో చెబుతాను. డిఫెండర్ల పిడికిళ్ళు ముందు నన్నే పట్టుకుంటాయి. నడుం దగ్గర ఒక గుప్పెడు, భుజం దగ్గర ఒక గుప్పెడు. కుట్లు పటపటమంటాయి. మామూలు స్ట్రైకర్ అయితే ఆగిపోయి రిఫరీ వైపు చూస్తాడు. సువారెజ్ కూడా పడేవాడు, కొన్నిసార్లు ఎవరూ తాకకుండానే పడేవాడు, దాచడానికేముంది. కానీ ఎక్కువసార్లు ఆ పట్టు వదిలించుకోకుండానే మనిషిని వెంట ఈడ్చుకుంటూ ముందుకు పోయేవాడు. బంతి అతని పిక్కకో మోకాలికో తగిలి వంకరగా పోతుంది. చేజారిందనుకుంటాం. అవతలివాడి కాళ్ళ సందులోంచి దూరి మళ్ళీ అతని పాదం దగ్గరికే వస్తుంది. మొదట్లో దీన్ని అదృష్టం అన్నారు. వారం వారం జరిగేదాన్ని అదృష్టం అనరు. గోల్ పడ్డాక ఉంగరాన్ని, ఆ తర్వాత మణికట్టుని ముద్దు పెట్టుకునేవాడు. ఆ మణికట్టు మీద కూతురి పేరు పచ్చబొట్టుగా ఉండేది.

ఇంత ఇష్టపడ్డాను కాబట్టే తర్వాతి సంగతి చెప్పక తప్పదు.

2011 అక్టోబరు 15న మా ఆన్‌ఫీల్డ్ మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్. ఆ ఆటలో సువారెజ్ తన ఒంటి రంగుని ఎత్తి అవమానించాడని పాత్రిస్ ఎవ్రా ఫిర్యాదు చేశాడు. అది మా దేశంలో మామూలు పలకరింపేనన్నాడు సువారెజ్. స్వతంత్ర విచారణ సంఘం ఆ మాట ఒప్పుకోలేదు. డిసెంబరులో 8 మ్యాచ్‌ల నిషేధం, 40,000 పౌండ్ల జరిమానా వేసింది. మర్నాడు విగన్‌లో మ్యాచ్. మా ఆటగాళ్ళు వార్మప్‌కి సువారెజ్ బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకుని వచ్చారు. ముందు అతని మొహం, వెనక అతని పేరు, పేరు కింద ఏడు.

ఆ రోజు ఎవరి వీపు చూసినా నేనే.

నన్ను తొడుక్కోవడం గౌరవమని పిల్లలకి చెబుతారు. ఆ సాయంత్రం నన్ను దేనికి తొడుక్కున్నారు? నల్లజాతి ఆటగాడు ఒకడు తనకి జరిగింది బయటికి చెప్పాడు, విచారణ జరిగింది, తీర్పు వచ్చింది. అప్పుడు మా క్లబ్బు మా వాడు ఎలా ఉన్నాడని అడిగింది గానీ, అవతలివాడు ఎలా ఉన్నాడని అడగలేదు. మన మనిషిని వెనకేసుకురావడం వేరు, అతని తప్పుని భుజాన వేసుకోవడం వేరు. 2012 ఫిబ్రవరిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మ్యాచ్‌కి ముందు సువారెజ్ ఎవ్రా చెయ్యి అందుకోకుండా దాటి పోయాడు. మర్నాడు అతనూ డాల్‌గ్లిషూ క్షమాపణ చెప్పారు. ఆ టీషర్టుల గురించి మాత్రం చాలా ఏళ్ళు ఎవరూ నోరు మెదపలేదు. 2019లో మా పాత డిఫెండర్ జేమీ కారగర్ టీవీలో ఎవ్రా పక్కన కూర్చుని, మేం చేసింది తప్పు అని మొహం మీద చెప్పాడు. ఆ తర్వాత క్లబ్బు నుంచి ఎవ్రాకి లేఖ కూడా వెళ్ళింది. ఎనిమిదేళ్ళు ఆలస్యం.

సువారెజ్ మనిషంతా ఒకే మ్యాచ్‌లో కనిపించిన రోజు 2013 ఏప్రిల్ 21. చెల్సీ ఆన్‌ఫీల్డ్‌కి వచ్చింది. మా స్ట్రైకర్ స్టరిడ్జ్ గోల్‌కి సువారెజ్ బంతి అందించాడు. కాసేపటికే చెయ్యి తగిలించి అవతలివాళ్ళకి పెనాల్టీ ఇచ్చాడు. ఆ తర్వాత చెల్సీ డిఫెండర్ ఇవానోవిచ్ చెయ్యి పట్టుకుని కొరికాడు. రిఫరీ చూడలేదు. 97వ నిమిషంలో తలతో గోల్ కొట్టి మ్యాచ్‌ని సమం చేశాడు. కూడబెట్టిందీ, కూలదోసిందీ ఒక్కడే. ఈసారి 10 మ్యాచ్‌ల నిషేధం.

ఆ వేసవిలో వెళ్ళిపోతానన్నాడు. ఆర్సెనల్ 4 కోట్ల పౌండ్లు, పైన ఒక్క పౌండు ఇస్తామంది. 4 కోట్లు దాటితే వదలాలని ఒప్పందంలో ఉందన్న మాట మీద ఆ ఒక్క పౌండు పుట్టింది. యజమానులు ససేమిరా అన్నారు. మేనేజర్ బ్రెండన్ రాడ్జర్స్ అతన్ని జట్టుకి దూరంగా ఒంటరిగా సాధన చేయించాడు. కెప్టెన్ స్టీవెన్ జెరార్డ్ కూర్చోబెట్టి మాట్లాడాడు: ఆర్సెనల్‌కి వద్దు, ఇంకో ఏడాది ఆడు, నీకు కావలసిన పెద్ద క్లబ్బులు వాటంతటవే వస్తాయి. సువారెజ్ ఉండిపోయాడు. అంటే వెళ్ళడం ఆ రోజే ఖాయమైంది. ఎక్కడికి, ఎప్పుడు అన్నదే మిగిలింది.

ఉండిపోయినవాడు ఎలా ఆడాడో చూడండి. నిషేధం వల్ల లీగ్‌లో మొదటి అయిదు మ్యాచ్‌లు పోయాయి. మిగిలిన 33 మ్యాచ్‌లలో 31 గోల్స్, అందులో పెనాల్టీ ఒక్కటీ లేదు. డిసెంబరులో నార్విచ్ మీద ఒక్క రాత్రే నాలుగు. మొదటిది సుమారు నలభై గజాల నుంచి. బంతి నేల మీద ఒకసారి ఎగిరింది, అది దిగేలోపే కాలు విసిరాడు. నేను అతని నడుం దగ్గర ఇంకా మెలికపడే ఉన్నాను, బంతి కీపర్ తల మీదుగా పోయి వలలో పడింది. ఆ సీజన్‌లో మా జట్టు 101 లీగ్ గోల్స్ కొట్టింది. ఊళ్ళో ఇరవై నాలుగేళ్ళుగా లీగ్ టైటిల్ కోసం మొహం వాచి ఉన్న జనం, మ్యాచ్‌కి వచ్చే బస్సుకి ఎదురెళ్ళి ఎర్ర పొగ బాంబులు కాల్చారు.

చేతిదాకా వచ్చిన ముద్ద నోటికి అందలేదు. చెల్సీ మీద జెరార్డ్ కాలు జారింది. మే 5న లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ మీద మూడు గోల్స్ ఆధిక్యంలో ఉన్నాం. మూడోది సువారెజ్‌దే. ఇంకా పదకొండు నిమిషాలుండగా మొదలై, తొమ్మిది నిమిషాల్లో మూడూ తిరిగి ఇచ్చేశాం. విజిల్ మోగగానే సువారెజ్ నన్ను కింది అంచు పట్టుకుని పైకి లాగి మొహం కప్పుకున్నాడు. లోపలి వైపు నుంచి నాకు అతని ఊపిరి వేడిగా తగిలింది. పళ్ళు బిగపట్టి ఏడుస్తున్నాడు. సహచరుడు కొలో టూరే భుజం పట్టుకుని నడిపించాడు. జెరార్డ్ అడ్డం వచ్చి కెమెరాని పక్కకి నెట్టాడు. అతని పళ్ళ గురించి లోకమంతా మాట్లాడుతుంది. ఆ పళ్ళ మధ్య ఆపుకున్న ఏడుపు దగ్గరుండి చూసింది నేను. కొరికేదీ, ఏడ్చేదీ ఒకే తట్టుకోలేనితనం. దాన్ని విడదీసి, మంచి సగం మాకూ చెడ్డ సగం పోలీసులకూ పంచడం ఎవరి వల్లా కాలేదు.

మాంచెస్టర్ సిటీ 86 పాయింట్లు, మేం 84. మే 11న ఆన్‌ఫీల్డ్‌లో న్యూకాజిల్ మీద గెలిచాం. నన్ను తొడుక్కుని అతను ఆడిన చివరి మ్యాచ్ అదేనని ఆ రోజు ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

మే నెలాఖరులో మోకాలికి ఆపరేషన్. నెల తిరక్కుండా బ్రెజిల్‌లో ఇంగ్లండ్ మీద రెండు గోల్స్ కొట్టి, ఆ దేశాన్ని ప్రపంచ కప్పులోంచి దాదాపు గెంటేశాడు. అయిదు రోజుల తర్వాత, జూన్ 24న, నటాల్‌లో ఇటలీ డిఫెండర్ జార్జియో కియెల్లీనీ భుజం కొరికాడు. ఫిఫా 9 అంతర్జాతీయ మ్యాచ్‌ల నిషేధం వేసింది. అంతటితో ఆగక నాలుగు నెలలు ఫుట్‌బాల్‌కి సంబంధించిన ఏ పనీ చేయకూడదంది, స్టేడియంలో అడుగు పెట్టకూడదంది.

ఆ నిషేధం నడుస్తుండగానే, జూలై 11న, బార్సిలోనా సుమారు 8 కోట్ల యూరోలకి అతన్ని కొనుక్కుంది. దీన్ని డబ్బు కోసం చేసిన పని అన్నవాళ్ళున్నారు. వాళ్ళకి అతని భార్య సోఫియా కథ తెలియదు. ఉరుగ్వేలోని సాల్తోలో పుట్టి, చిన్నప్పుడే రాజధాని మాంటెవీడియో చేరిన పేద కుర్రాడు అతను. పదిహేనేళ్ళ వయసులో పరిచయమైన ఆ అమ్మాయి కుటుంబం 2003లో బార్సిలోనాకి తరలి వెళ్ళింది. ఆమెకి దగ్గరవ్వాలనే యూరప్ చేరడానికి పట్టు పట్టాడు. ముందు హాలండ్‌లో గ్రోనింగెన్, తర్వాత అయాక్స్, తర్వాత మేము. ఆ దారి చివర ఉన్నది మొదటినుంచీ బార్సిలోనాయే. మేం మధ్యలో దిగిన ఊరు. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు బాధ లేదు.

బాధ ఎక్కడంటే, మైదానం చుట్టూ తిరిగి చెయ్యి ఊపడం లేదు, ఆన్‌ఫీల్డ్‌లోని కోప్ స్టాండ్ ముందు నిలబడడం లేదు. రావాలన్నా రాకూడదు. అభిమానులకి ఒక ఉత్తరం రాసి వెళ్ళిపోయాడు. 133 మ్యాచ్‌లు, 82 గోల్స్ ఇచ్చినవాడు నిషేధం చాటునుంచి వెళ్ళిపోవలసి వచ్చింది. ఆ చాటు కట్టుకున్నది అతనే.

ఆ తర్వాతి సీజన్ నన్ను ఎవరికీ ఇవ్వలేదు. వచ్చిన డబ్బుతో చాలామందిని కొన్నారు. గోల్స్ 101 నుంచి 52కి పడ్డాయి, ఆరో స్థానం. అక్కడ బార్సిలోనాలో అతను తొమ్మిదో నంబరు తొడుక్కుని మెస్సీ, నేమార్‌ల మధ్య నిలబడి మొదటి ఏడాదే మూడు పెద్ద కప్పులూ ఎత్తాడు. 2015 జూన్‌లో బెర్లిన్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ యువెంటస్‌తో. గాయం వల్ల కియెల్లీనీ ఆడలేదు. ఎవ్రా ఆడాడు. మ్యాచ్‌కి ముందు వరసలో సువారెజ్ ఎవ్రా చెయ్యి అందుకున్నాడు. గోల్ కూడా కొట్టాడు. ఆ రాత్రి ఆ గోల్ కన్నా ఆ చెయ్యి కలపడమే నాకు ఎక్కువ సంతోషం కలిగించింది.

2015లో జేమ్స్ మిల్నర్ నన్ను తీసుకున్నాడు. 2019 మే 1న బార్సిలోనాలో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ మొదటి మ్యాచ్. సువారెజ్ జారుతూ వచ్చి మా మీద గోల్ కొట్టి, మోకాళ్ళ మీద జారి పండగ చేసుకున్నాడు. 3-0తో ఓడాం. ఆరు రోజుల తర్వాత ఆన్‌ఫీల్డ్‌కి వచ్చినప్పుడు, ఒకప్పుడు అతని పేరు పాటగా పాడిన స్టాండ్లే బంతి తాకినప్పుడల్లా హేళన చేశాయి. నేను ఆ హేళనతోనే ఉన్నాను. ప్రేమించిన మనిషి ఓడిపోవాలని కోరుకోవడం ఆ రాత్రి నాకు కష్టం కాలేదు. 4-0తో గెలిచాం. మిల్నర్ మైదానంలోనే ఏడ్చాడు. జూన్ 1న మాడ్రిడ్‌లో కప్పు ఎత్తాం. సువారెజ్ లేకుండా గెలవడం నేర్చుకోవడానికి మాకు అయిదేళ్ళు పట్టింది.