రష్ ప్రకటన: సటీకా తాత్పర్యము

అవతారిక: అమెరికా విశ్వవిద్యాలయములలో సెమిస్టరు ఆరంభమున బిజినెస్ స్కూలు గోడలపై వెలయు ప్రకటన ఇది. ఇందు విషయము వ్యాపార ఫ్రటర్నిటీలో చేరిక. అధికారి ఉద్యోగకాముడగు విద్యార్థి. ప్రయోజనము ఇంటర్న్‌షిప్పు. సంబంధము లింక్డ్‌ఇన్.

మూలము: "రష్ సోమవారం మొదలు! అన్ని మేజర్లకూ స్వాగతం. అనుభవం అక్కర్లేదు. బిజినెస్ ప్రొఫెషనల్ దుస్తుల్లో రండి. పిజ్జా ఉచితం."

టీక: రష్ = సంఘము కొత్తవారిని, కొత్తవారు సంఘమును పరీక్షించు వారము (రెండవ పరీక్ష నామమాత్రము); అన్ని మేజర్లకూ = ఫైనాన్సుకును, అకౌంటింగునకును, ధైర్యముండినచో చరిత్రకును; స్వాగతం = లోనికి రానిత్తుము, ఉంచుకొందుమనలేదు; అనుభవం అక్కర్లేదు = నిరుటి వేసవిలో ఏమి చేసితివని మాత్రము అడుగుదుము; దుస్తుల్లో = సూటుతో, అది లేనిచో రూమ్మేటు సూటుతో; ఉచితం = సభ్యత్వ రుసుము కట్టువరకు.

తాత్పర్యము: ఓ ఫ్రెష్‌మన్! వచ్చి పేరు, ఊరు, మేజరు అలయకుండ అందరికిని చెప్పుము. పిమ్మట ఇంటర్వ్యూ. పిమ్మట మేము తలుపులు మూసి ఓటు వేయుదుము. నచ్చినచో బిడ్ (చేరుటకు ఆహ్వానము) అందును, ప్లెడ్జివి (సభ్యత్వమునకు ఉమేదువారువు) అగుదువు. స్థాపకుల పేర్లు, గ్రీకు అక్షరమాల వల్లించుము. నీకొక "బిగ్"ను అప్పగింతుము. ఆ సీనియరు నీ రెజ్యూమె దిద్దును, ఉత్తుత్తి ఇంటర్వ్యూలో నిన్ను ఏడిపించును. ఈ దిద్దుటయే గ్రంథసారమని మా మతము, తక్కినదంతయు అర్థవాదము.

విశేషములు: వ్యాపార ఫ్రటర్నిటీలలో ఆల్ఫా కప్పా సై 1904లో, డెల్టా సిగ్మా పై 1907లో, రెండును న్యూయార్క్ యూనివర్సిటీలోనే పుట్టినవి. మొదట పురుషులకే. స్త్రీలు 1924లో ఫై కై థీటా, ఫై గామా నూ అని తమ సంఘములు తాము పెట్టుకొనిరి. విద్యలో లింగవివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ నైన్ చట్టము పిమ్మట గాని మొదటి రెండును స్త్రీలకు తలుపు తీయలేదు. నేడు అందు అమ్మాయిలును "బ్రదర్"లే. లింగవ్యత్యయము దోషము గదా యనిన, కాదు, రూఢి బలీయము.

పూర్వపక్షము (న్యూజెర్సీ తెలుగు తండ్రిది): "ట్యూషన్ చాలదా? అన్నదమ్ములకు కూడా ఫీజా?"

సిద్ధాంతము: పెండ్లి సంబంధములు వెదకుటకై రిజిస్ట్రేషన్ కట్టి అమెరికా తెలుగువారి తానా సభలకు పోవువారు ఈ ప్రశ్న వేయరాదు. పైగా పూర్వసభ్యుడు ఆడిటింగు సంస్థలో నుండి ఫోనెత్తినచో ఆ రుసుము గిట్టుబాటే. ఎత్తనిచో? ఈ సందేహమునకు టీకాకారులు మౌనము వహించిరి.

పాఠాంతరము: పశ్చిమతీర ప్రతులలో "పిజ్జా"కు మారుగా "బోబా" అని కలదు. రెండును గ్రాహ్యములే.