తోక కారు మాస్టారు

ఇరవై ఏళ్లుగా బడిలో వర్గాలు, వర్గమూలాలు చెబుతున్నాను. గుణకారంలో ఒక్క అంకె జారవిడిచిన పిల్లాణ్ణి కూడా ఊరికే వదిలిన పాపాన పోలేదు. అలాంటి నేనే ఒక లెక్కలో ఒకే ఒక్క అంకె వేయడం మరిచి, జమలాపురం దారిలో ఆటోల నిండా పోతున్న భక్తులందరికీ వినోదమయ్యాను. ఆ కథ నా నోటితో నేనే చెప్పుకోవడం మేలు. ఎర్రుపాలెంలో చెప్పుకునే కథలో నా కారు తోక ఏటికేడు పొడుగవుతోంది.

దీనికి మూలం 2023 సంక్రాంతి. సరిగ్గా ఆ పండగనాడే, జనవరి 15న, సికింద్రాబాద్ నుంచి విశాఖకు వందేభారత్ మొదలైంది. ఖమ్మంలో ఆగితే మళ్లీ విజయవాడే. మధ్యలో ఎర్రుపాలెం అని ఒక ఊరుందన్న సంగతి దానికి అక్కర్లేదు. ఆ తర్వాత ఓ రోజు ప్లాట్‌ఫారం మీద నిలబడి చూశాను. కోసుగా ఉన్న ఆ ముక్కు అలా దూసుకుపోతుంటే నా భుజం మీది కండువా ఎగిరిపోయింది. బయట వేపచెట్టు కింద నిలబెట్టిన నా కారు చదరపు మొహం చూసేసరికి సిగ్గేసింది.

ఇక చదువు మొదలుపెట్టాను. కారు గాలిని ఎంత తేలిగ్గా తప్పించుకుంటుందో చెప్పడానికి డ్రాగ్ కోఎఫిషియంట్ అని ఒక అంకె ఉంది. ఎంత తక్కువైతే అంత మంచిది. మామూలు కార్లకు 0.3కు అటూ ఇటూ ఉంటుంది. 1996లో జనరల్ మోటార్స్ తెచ్చిన ఈవీ1కు 0.19. తర్వాత వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ ఎక్స్ఎల్1కూ దాదాపు అంతే. రెంటికీ వెనక చక్రాల మీద మూతలుంటాయి, వెనకభాగం సన్నబడుతుంది. రెంట్లోనూ ఇద్దరే కూర్చోగలరు. ఈ ఆఖరి ముక్క కూడా చదివాను. మా ఇంట్లో ఐదుగురం.

వేసవి సెలవుల్లో పని మొదలైంది. పైనున్న క్యారియర్ విప్పించాను. ముందు జాలీకి రేకు కొట్టించాను. వెనక చక్రాలకు రేకు మూతలు బిగించాను. వడ్రంగిని బతిమాలి, డిక్కీ తలుపు మీద ప్లైవుడ్‌తో రెండడుగుల తోక పెట్టించాను. జాలీ రేకు మాత్రం మొదటిరోజే పోయింది. ఖమ్మం జిల్లా మే నెల ఎండ, దానికి తోడు ఇంజిన్‌కు గాలాడకపోవడం. వేడి ముల్లు ఎర్రగీత దాటింది. మిగతావన్నీ ఉంచుకున్నాను. హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో వంకాయ కారు పక్కన దీనికీ చోటిస్తారని వీధిలో ఎవరో అన్నారు. మెచ్చుకున్నారనుకున్నాను.

నెల తిరిగేసరికి మైలేజీ పెరగలేదు సరికదా, లీటరుకు ఒక కిలోమీటరు తగ్గింది. బంకువాణ్ణి అనుమానించాను. నన్ను నేను అనుమానించుకోలేదు.

ఓ శనివారం మా అత్తగారూ మామగారూ వచ్చారు. జమలాపురం వెంకన్న దగ్గర పొంగలి వండాలన్నారు. గిన్నెలు, గ్యాస్ పొయ్యి, బియ్యం సంచి వాకిట్లో చేరాయి.

“అల్లుడుగారూ, డిక్కీ ఎటునుంచి తెరుస్తారు?” అన్నారు మామగారు.

“తెరవం మామయ్యగారూ. గాలి కోసం మూసేశాం.”

ఆయన ఇంకేమీ అడగలేదు. పెద్ద తపేలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నా భార్య పొయ్యిని పెట్టుకుంది.

సగం దారిలో కారు ఎడమకు లాగింది. దిగి చూస్తే అంతా బాగానే ఉంది. మూత ఉన్నాక చక్రం కనపడితే కదా! మోకాళ్ల మీద వంగి చూస్తే వెనక టైరు నేలకు అతుక్కుపోయి ఉంది. మూత తీయాలంటే స్క్రూడ్రైవరు కావాలి. స్క్రూడ్రైవరు డిక్కీలో ఉంది. స్టెప్నీ కూడా డిక్కీలోనే ఉంది. డిక్కీ తోక కింద ఉంది.

“ఏమండీ, ఆ తోక పీకేద్దామా?” అంది నా భార్య, చాలా నెమ్మదిగా. అటుగా వచ్చిన ట్రాక్టరు డ్రైవరు గడ్డపారతో ఆ పని చేసిపెట్టాడు.

పంక్చర్ షాపు కుర్రాడు టైరు బాగుచేసి, మిగతా మూడూ చూసి తలెత్తాడు. “మాస్టారూ, దేంట్లోనూ ఇరవై లేదు. ముప్పై ఉండాలి. గాలి కొట్టించి ఎన్నాళ్లయింది?”

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం తీశాను. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నా కారులాంటిది వంద మీద పోతే గాలి సుమారు 33 కిలోల బరువులా వెనక్కి లాగుతుంది. నలభై మీద అయితే 5 కిలోలే. టైర్లు రోడ్డు మీద దొర్లేటప్పుడు లాగేది మాత్రం ఏ వేగంలోనైనా 12 కిలోల దాకా ఉంటుంది. టైర్లలో గాలి తగ్గితే ఇంకా ఎక్కువ. స్పీడ్‌బ్రేకర్లు, గేదెలు, ధాన్యం ఆరబోసిన రోడ్లు కలిసి నన్ను ఏనాడూ నలభై దాటనివ్వలేదు. సూత్రంలో అన్నీ వేశాను. నా వేగం ఒక్కటే వేయలేదు.

ఈ తప్పులో నాకు పెద్దల తోడుంది. 1921లో బెర్లిన్‌లో విమానాల ఇంజినీరు ఎడ్మండ్ రుంప్లర్ నీటిబొట్టు ఆకారంలో కారు తెచ్చాడు. 1979లో పరీక్షిస్తే దాని అంకె 0.28 వచ్చింది, పుట్టిన కాలానికి అద్భుతం. కానీ ఇంజిన్ వేడెక్కేది, సామాన్లకు చోటు లేదు. సుమారు వంద మాత్రమే తయారయ్యాయి. తర్వాత వూనిబాల్డ్ కామ్ అనే జర్మన్ ఇంజినీరు, పొడుగు తోక అక్కర్లేదు, వెనకభాగాన్ని కాస్త సన్నబరిచి నిలువునా కోసేసినా చాలావరకు లాభం దక్కుతుందని చూపించాడు. ఇప్పటి కార్లు పొడుగు తోక లేకుండానే గాలిని తప్పించుకుంటున్నాయంటే అందులో ఆయన పుణ్యమూ ఉంది.

నా తోక ఇప్పుడు దొడ్లో కోళ్లగూటి పైకప్పు. వాననీళ్లు చక్కగా జారిపోతాయి. రోజూ హైవే మీద వందకు తగ్గనివాళ్లకు కారు ఆకారం లెక్కే. క్యారియర్ ఖాళీగా ఉంటే వాళ్లు విప్పి పెట్టుకోవాలి. నాలా ఊరి రోడ్ల మీద తిరిగేవాళ్లు మాత్రం బయటి గాలి సంగతి వదిలేసి, పదిహేను రోజులకోసారి టైర్లలో గాలి చూపించుకోండి. ఐదు నిమిషాల పని.