అట్టవెనుక సూత్రాలు: చత్వారదీపికా వ్యాఖ్యాసహితం

అవతారిక

మా అత్తయ్యగారు, అనగా మా నాన్నగారి అక్కగారు, టీచరుగా రిటైరై, శుక్లాల ఆపరేషన్ చేయించుకొని, ఇక చదువుకోవచ్చని డాక్టరు చెప్పిన మర్నాటి నుంచి బీరువాలో ఉన్న తెలుగు నవలలన్నీ వరసపెట్టి మళ్ళీ చదవడం మొదలుపెట్టారు. పుస్తకం పూర్తికాగానే వెనక అట్ట లోపలివైపు నీలం బాల్‌పెన్నుతో ఒకటి రెండు ముక్కలు రాసి, కింద తేదీ వేసి, ఎక్కడిది అక్కడ పెట్టేస్తారు. ఆ ముక్కలే ఈ గ్రంథానికి మూలం. సూత్రానికి ఉండవలసిన లక్షణాలన్నీ వీటికి ఉన్నాయి. అక్షరాలు తక్కువ, సందేహాలు ఎక్కువ. కర్తను అడిగితే "రాసింది చాలదూ?" అంటారు. వ్యాఖ్యాతలు పుట్టేది సరిగ్గా ఈ జవాబు విన్నప్పుడే.

మెదక్ సీమ కొలిచెలమవాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టుపెట్టుకొని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. చెడ్డ వ్యాఖ్యల విషం ఎక్కి మూర్ఛపోయిన కవివాక్కుకు ప్రాణం పోయాలని దానికి సంజీవని అని పేరు పెట్టాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారు శృంగారనైషధానికి సర్వంకష రాశారు. ఆ పెద్దలకు దణ్ణం పెట్టి, వారి ఒట్ల జోలికి మాత్రం పోకుండా ఈ వ్యాఖ్యాత పని మొదలుపెడుతున్నాడు. ఈ మూలానికి మూర్ఛ లేదు. కర్తకు దగ్గరచూపు అద్దాలు తప్ప మరేమీ అక్కర్లేదు. కనుక వ్యాఖ్యకు చత్వారదీపిక అని పేరు.

ప్రథమ సూత్రం (వేయిపడగలు)

మూలం: చదివాను. మళ్ళీ చదవాలి. ఇప్పుడు కాదు.

ప్రతిపదార్థం: చదివాను = వర్ణనలు దాటవేయక, ఆద్యంతము చదివితిని; మళ్ళీ = ఇంకొక పర్యాయము; చదవాలి = కోరిక కాదు, విధి; ఇప్పుడు = ఈ జన్మలోని ఈ భాగమున; కాదు = స్పష్టము.

తాత్పర్యం: గొప్ప పుస్తకం. చేతులు నొప్పెడుతున్నాయి.

విశేషం: విశ్వనాథవారు దీన్ని 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాసుకుంటూ పోయారని ప్రసిద్ధి. చెప్పినవారి వేగం చదివేవారికి ఉండాలని శాస్త్రం లేదు. పి.వి. నరసింహారావుగారు దీన్ని సహస్రఫణ్ పేరుతో హిందీలోకి తెచ్చారు. అంటే దీన్ని రెండోసారి చదివినవారు కనీసం ఒకరున్నారని రుజువైంది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని ఇదీ, అడివి బాపిరాజుగారి నారాయణరావూ పంచుకున్నాయి. అత్తయ్యగారి బీరువాలో కూడా రెండూ పక్కపక్కనే ఉంటాయి. వేయిపడగలు తనంత తాను నిలబడుతుంది. నారాయణరావు దాన్ని ఆనుకొని ఉంటాడు.

శంక: ఇంతకీ పుస్తకం నచ్చిందా లేదా? సూత్రంలో ఆ మాటే లేదే?

సమాధానం: పేజీల మూలలు చూడవలెను. ధర్మారావు ఉపన్యసించే చోట్ల ఒక్క మూలా మడవలేదు. గిరిక కనిపించే చోట్ల మడతలు వరసగా ఉన్నాయి. ఒకచోట మడత చాలదనుకున్నారేమో, కరివేపాకు రెమ్మ కూడా పెట్టారు. అది ఎండి, కాగితం మీద పసుపుపచ్చ మచ్చ దించింది. మడతలూ మచ్చలూ మూలంలో భాగమేనని ఈ వ్యాఖ్యాత మతం.

ద్వితీయ సూత్రం (అంపశయ్య)

మూలం: రవికి ఒక్క రోజు. నాకు దీపావళి దాకా పట్టింది.

ప్రతిపదార్థం: రవికి = ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండే కథానాయకునికి; ఒక్క రోజు = తెల్లవారింది మొదలు రాత్రి దాకా; నాకు = ఈ పాఠకురాలికి; దీపావళి దాకా = వినాయకచవితికి మొదలుపెట్టినట్లు ఊహ్యము; పట్టింది = పుస్తకము నన్ను పట్టినది అని కూడా చెప్పవచ్చును.

అలంకారం: ఇద్దరి మధ్య భేదాన్ని ఎత్తిచూపడం వల్ల వ్యతిరేకాలంకారం. నింద వేషంలో మెప్పు ఉన్నందువల్ల వ్యాజస్తుతి అని మరికొందరు.

విశేషం: 1969లో వచ్చిన ఈ నవలతో నవీన్‌గారికి అంపశయ్య ఇంటిపేరైపోయింది. చైతన్యస్రవంతి పద్ధతిలో రాసింది కాబట్టి రవి ఆలోచన తెగదు. డబ్బు చింతలోంచి చదువు చింతలోకి, అందులోంచి అమ్మాయిల చింతలోకి ఒకే ధార. అత్తయ్యగారి చదువు మాత్రం పాలవాడికి ఒకసారి, కుక్కరు కూతకు ఒకసారి, గ్యాసు బండకు ఒకసారి తెగుతుంది. హాస్టలు కుర్రాడికి తీరిగ్గా బెంగపడే సౌకర్యమైనా ఉన్నదని కర్త ఆక్షేపణ కాబోలు. అయినా మధ్యలో వదిలేయకుండా దీపావళి దాకా అతని వెంట నడిచారన్నది విస్మరించరాదు.

తృతీయ సూత్రం (బారిష్టరు పార్వతీశం)

మూలం: నవ్వాను. మూడో భాగం ఎవరో పట్టుకెళ్ళారు.

ప్రతిపదార్థం: ఎవరో = తెలియనివారని అర్థం కాదు. బాగా తెలిసినవారు, పేరు రాస్తే పెళ్ళిళ్ళలో ఎదురుపడినప్పుడు బాగుండనివారు; పట్టుకెళ్ళారు = "రెండ్రోజుల్లో ఇచ్చేస్తానండీ" అని పలికి కొనిపోయిరి.

రసం: మొదటి వాక్యంలో హాస్యం, రెండోదానిలో రౌద్రం.

విశేషం: మొక్కపాటివారి పార్వతీశం మొగల్తూరు నుంచి బయల్దేరి సీమకు వెళ్ళేది మొదటి భాగం. ఆడవాళ్ళ టోపీ కొనుక్కున్న ఘట్టం దగ్గర అట్ట వదులైపోయింది. చాలామంది పాఠకులకు మొదటి భాగమే చాలు. అత్తయ్యగారు అలా వదలరు. వెళ్ళినవాడు తిరిగొచ్చి ఏమయ్యాడో తెలియాలంటారు. పుస్తకం పట్టుకెళ్ళినవారి విషయంలోనూ అదే నియమం.

ఇందిరాత్రయ ప్రకరణం

ఇక్కడ వ్యాఖ్యాత కాస్త నిలవవలసి ఉంది. తరవాతి మూడు సూత్రాలూ విడివిడిగా చదివితే మూడు విసుర్లు. కలిపి చదివితే ఒక సిద్ధాంతం.

చతుర్థ సూత్రం (అసమర్థుని జీవయాత్ర)

మూలం: ఇందిర ఏం తిన్నదో ఎవరూ అడగరేం?

ప్రతిపదార్థం: ఇందిర = సీతారామారావు భార్య; ఏం తిన్నదో = తిన్నదో లేదో అని కూడా; ఎవరూ = సీతారామారావు, గోపీచంద్‌గారు, విమర్శకులు, ఇన్నేళ్ళుగా చదివినవారు; అడగరేం = ప్రశ్న రూపమున ఉన్న తిట్టు.

తాత్పర్యం: వంశప్రతిష్ఠ కోసం ఆస్తి ఊదేసుకుని, ఉద్యోగంలో నిలవలేక, తనతో తాను తగువులాడుతూ శ్మశానంలో ముగిసినవాడు సీతారామారావు. తెలుగులో మనోవైజ్ఞానిక నవలలంటే విమర్శకులు ముందు వరసలో చెప్పే పుస్తకమిది. వాడి మనసులో ఏముందో అందరూ తవ్వి చూశారు. వాడింట్లో బియ్యం డబ్బాలో ఏముందో మూత తీసి చూసినవారు అత్తయ్యగారు.

శంక: రచయిత అసమర్థుడి కథ చెబుతానని అట్ట మీదే చెప్పాడు కదా, భార్య సంగతి అడగడం అన్యాయం కాదా?

సమాధానం: అన్యాయమే. పాఠకులకు ఆ హక్కు ఉంది. రచయిత ఎవరి కథ చెప్పాలో రచయిత ఇష్టం. ఎవరి కోసం బెంగపడాలో చదివేవారి ఇష్టం.

పంచమ సూత్రం (చివరకు మిగిలేది)

మూలం: ఈయన భార్య కూడా ఇందిరే. పాపం.

ప్రతిపదార్థం: ఈయన = దయానిధి. డాక్టరు కనుక గౌరవార్థం బహువచనం; భార్య = పెళ్ళాడిన స్త్రీ. కోమలి, అమృతం ఇందులోకి రారు; కూడా = సూత్రానికి ప్రాణం. వెనకటి పుస్తకం ఇంకా కర్త మనసులోంచి పోలేదని సూచన; పాపం = వివరణ కింద.

పాఠాంతరం: మొదట "పాపం ఇందిర" అని రాసి, "ఇందిర" అన్న మాట కొట్టేసినట్లు పెన్ను ఆనవాలు స్పష్టంగా ఉంది. ఎందుకు కొట్టేశారు? ఆవిడ మీద జాలి తగ్గి కాదు. దయానిధి మీద కూడా కొంత పుట్టింది కనుక. తల్లి గురించి లోకం అనుకున్న మాటలు మోసుకుంటూ, రాయలసీమ దాకా పోయి, వజ్రం దొరికాక కూడా ఊరట దొరకని మనిషి. ఆయన వెతుకులాటకు బుచ్చిబాబుగారు పుస్తకమంతా ఇచ్చారు. ఇందిరకు జబ్బు ఇచ్చారు. ఇద్దరినీ కలిపి ఒక్క మాటలో చెప్పాలంటే పేరు కొట్టెయ్యక తప్పదు. పెద్ద సమీక్షలు నాలుగు పేజీల్లో తేల్చలేని పక్షపాతాన్ని ఒక్క కొట్టివేత సరిచేసింది.

షష్ఠ సూత్రం (కాలాతీత వ్యక్తులు)

మూలం: ఈ ఇందిరని తిట్టాలని పెన్ను తీశాను. తిట్టలేదు.

ప్రతిపదార్థం: ఈ = వెనకటి ఇద్దరూ కాక; తిట్టాలని = సంకల్పము; పెన్ను తీశాను = ఉద్యమము; తిట్టలేదు = ఫలము శూన్యము. ఆ శూన్యమే సారము.

విశేషం: డాక్టర్ పి. శ్రీదేవిగారి ఒకే ఒక్క నవల ఇది. 1950ల చివర తెలుగు స్వతంత్రలో ధారావాహికగా వచ్చింది. ఆవిడ 1961లో, చిన్నవయసులోనే, పోయారు. 1963లో ఈ నవలను ఆధారం చేసుకుని చదువుకున్న అమ్మాయిలు సినిమా వచ్చింది. ఇందులో ఇందిర ఉద్యోగం చేస్తుంది, చూపు మందగించిన తండ్రిని పోషిస్తుంది, మనసులో ఉన్నది మొహం మీద అంటుంది, నిలబడని ప్రకాశం కోసం ఏడుస్తూ కూర్చోదు. మొదటి సగంలో ఆవిడ మీద ఒళ్ళు మండని పాఠకులు తక్కువ. అత్తయ్యగారికీ మండింది. మార్జిన్‌లో ఒకచోట "ఎంత పొగరు!" అని ఉంది. పాతిక పేజీల తర్వాత మరోచోట "ఊఁ" అని ఉంది. ఆ తర్వాత మార్జిన్లన్నీ ఖాళీ. ఆగకుండా చదివారన్నమాట.

శంక: తిట్టాలనుకుని ఎందుకు మానేశారు?

సమాధానం: కర్త నోరు విప్పిన ఏకైక సందర్భం ఇదే. "తిట్టేవాళ్ళు పుస్తకంలోనే బోలెడుమంది ఉన్నార్రా, నేనెందుకు మళ్ళీ?" అన్నారు.

సిద్ధాంతం: మొదటి ఇద్దరు ఇందిరలనూ మగవారు రాశారు. భర్త గదిలోంచి ఎంతవరకు కనిపిస్తే అంతవరకే వారు మనకు కనిపిస్తారు. మూడో ఇందిరను ఒక స్త్రీ రాసింది. ఆవిడ ఏం తిన్నదని ఎవరూ అడగనక్కర్లేదు, తన అన్నమూ తండ్రి అన్నమూ తనే సంపాదించుకుంటుంది. నాలుగో సూత్రంలో అడిగిన ప్రశ్నకు రెండు పుస్తకాల తర్వాత జవాబు దొరికింది. దొరికాక తిట్టడానికి చెయ్యి రాలేదు. విమర్శకులు నవలలను ఉద్యమాల వారీగా, దశాబ్దాల వారీగా సర్దుతారు. అది అవసరమైన పనే. అత్తయ్యగారు మాత్రం కథలో పక్కకు ఒదిగి నిలబడ్డ మనిషి చెయ్యి పట్టుకుని ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి నడుస్తారు. రచయిత ఏం చెప్పదలిచాడో తెలుసుకోవడం ఒక చదువు. ఆయన ఎవర్ని పలకరించకుండా వెళ్ళిపోయాడో గమనించి, ఆగి పలకరించడం రెండో చదువు. మొదటిదానికి పీఠికలున్నాయి, సిద్ధాంత వ్యాసాలున్నాయి. రెండోదానికి వెనక అట్టలే దిక్కు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను శ్రద్ధగా చదివినవారికి, ఎవరైనా "ఎలా ఉంది పుస్తకం?" అంటే "బాగుంది" అని తప్పించుకునే అలవాటు నశించును. మూల మడిచిన పేజీ తీసి చూపించు ధైర్యము కలుగును. అరువిచ్చిన పుస్తకములు తిరిగివచ్చునని చెప్పుటకు మాత్రం ఏ శాస్త్రమూ సాహసింపదు.

గద్య

ఇది శ్రీమదత్తయ్యగారి కరకమల నీలబాల్‌పెన్ను వినిర్గతంబైన అట్టవెనుక సూత్రావళికి తన్మేనల్లుడు రచించిన చత్వారదీపికయందు ఇందిరాత్రయ ప్రకరణము సమాప్తము. తరువాతి ప్రకరణమునకు మూలము రావిశాస్త్రిగారి అల్పజీవి. కర్త ఇంకా సగంలోనే ఉన్నారు. సుబ్బయ్య గురించి ఇప్పటిదాకా ఒక్క ముక్కా రాయలేదు గాని, ఆయన భార్య సావిత్రి పేరు కింద రెండు గీతలు గీశారు.