ఐరాల కుట్టుమిషన్ని మాట్లాడుతున్నా

నేను ఉష కుట్టుమిషన్ని. మావాళ్ల తయారీ 1930ల్లో కలకత్తాలో మొదలైంది. చెనిక్కాయలు బాగా పండిన ఏడు, ఆ డబ్బుతో నగ చేయించుకోమని ఇంట్లోవాళ్లు చెప్పినా వినకుండా అమ్మ నన్ను చిత్తూరులో కొని ఐరాలకు తెచ్చుకుంది. నన్ను నడిపే ఆమెను నేను అమ్మ అనే అంటాను.

మా పుట్టుక అంత సులువుగా జరగలేదు. ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ పెట్టిన మిషన్లను, తమ పొట్ట కొడతాయన్న భయంతో సాటి దర్జీలే 1831లో పగలగొట్టారు. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ తన మిషన్‌కు పేటెంటు పొందాడు. దాని సూదికి బెజ్జం మొన దగ్గరే ఉంది. సూది పైదారాన్ని గుడ్డ కిందికి దించితే, అక్కడ బాబిన్ దారం దాన్ని పెనవేసుకుంటుంది. నేటికీ నేను కుట్టేది ఆ కుట్టే. యంత్రాల మోజును వద్దన్న గాంధీజీ కూడా కుట్టుమిషన్‌ను మాత్రం మెచ్చుకున్నారు.

అయినా నాకు వచ్చింది కుట్టడం ఒక్కటే. కొలత, కత్తిరింపు, ఓపిక అమ్మవి. ఆది రైక చేతికిస్తే ముందు చంక, భుజం పట్టి చూస్తుంది. నూలుగుడ్డయితే నీళ్లలో నానబెట్టి ఆరేశాకే కత్తెర పెడుతుంది. లేకపోతే మొదటి ఉతుకుకే రైక బిగుతైపోతుంది.

పక్కనే కాణిపాకం. వినాయక చవితితో అక్కడ 21 రోజుల బ్రహ్మోత్సవాలు మొదలవుతాయి. అంతకుముందే మా ఇంట్లో గుడ్డల మూటలు పేరుకుంటాయి. అందరిదీ ఒకటే మాట: "బిరీన కావల్ల!" అంత తొందరలోనూ అమ్మ ఒక్క కుట్టూ వదలదు.

సాదా రైకతో మొదలుపెట్టి పావడాలు, బడి యూనిఫారాలు, చుడీదార్లు నేర్చుకుంది. ఇప్పుడు జుట్టు నెరిశాక ఫోనులో చూసి ప్రిన్సెస్ కట్ నేర్చుకుంటోంది. పాత పేపరు మీద గీసి, కత్తిరించి, సరిపోయాకే గుడ్డ ముట్టుకుంటుంది.

సాయంత్రాలు వీధిలో ఆడపిల్లలు నేర్చుకోను వస్తారు. "మెడపట్టీ నిలువుగా కత్తిరిస్తే ముడతలు పడతాదిమే, ఏటవాలుగా కత్తిరించల్ల. అప్పుడే గుడ్డ సాగి మెడ వంపుకు ఒదుగుతాది," అని అమ్మ ఒక పిల్లకు చెబుతుంది. ఆ పిల్ల పట్టీని రెండు చేతులా లాగి, సాగడం చూసి, తలూపి నా ముందు కూర్చుంటుంది.

రైకలు కుట్టిన డబ్బుతో పిల్లల ఫీజులు కట్టిన ఇల్లు మాది. మీ ఇంట్లో మూలన పడిన మిషన్ ఉంటే దుమ్ము తుడిచి, నూనె వేసి, బెల్టు మార్పించండి. నేర్చుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లను, ఆడైనా మగైనా, ఏ వయసువాళ్లైనా, దాని ముందు కూర్చోబెట్టండి.