పైసా ఖర్చు లేని పదకొండు వందల నలభై

ఎండాకాలం సెలవులకు మా అమ్మాయి బెంగళూరు నుంచి ఇద్దరు పిలకాయల్ని వెంటబెట్టుకుని తిరుపతికి వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం అన్నాలు తిని ఫ్యాను కింద నడుం వాల్చానో లేదో, మనవడు వచ్చి నా పొట్టమీద చెయ్యేసి, "తాతా, బోర్" అన్నాడు.

మా చిత్తూరు పక్క బోరంటే చిన్న మాట కాదు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరిగేవాడికి ముందు డబ్బు, బండివాడికి తర్వాత డబ్బు, నీళ్ళు పడకపోతే వడ్డీవాడికి జీవితాంతం డబ్బు. అందుకే ఉలిక్కిపడి లేచి కూచున్నాను. వాడి బోరు వేరని తెలిశాక కుదుటపడ్డాను. తొందరపడ్డాను. అదీ డబ్బుతో పూడ్చాల్సిన బొక్కేనని సాయంత్రానికి తెలిసింది.

మా అమ్మాయి ఒక ఆదివారం అనుబంధంలోంచి కత్తిరించిన కాగితం బయటికి తీసింది. 'పైసా ఖర్చు లేకుండా పిల్లల బోర్ పోగొట్టే 25 మార్గాలు.' ఇలాంటి జాబితాలు ప్రతి ఏప్రిల్లో మామిడికాయలతో పాటే కాపుకొస్తాయి. రాసేవాళ్ళు నిపుణులు. ఎందులో నిపుణులో మాత్రం రాయరు.

మొదటి మార్గం 'సెన్సరీ బిన్'. మూడు కిలోల బియ్యం నాలుగు గిన్నెల్లో పోసి, నాలుగు రంగులు కలిపి, ఆరబెట్టి ట్రేలో పోస్తే పిల్లలు అందులో చేతులు పెట్టి కెలుకుతారట. స్పర్శజ్ఞానం పెరుగుతుందట. మా ఆవిడది పాకాల పక్క పల్లె. నేలమీద గింజ పడితే ఏరి కళ్ళకద్దుకునే మనిషి. వంటింటి గడప మీద నిలబడి నీలం బియ్యం, ఎర్ర బియ్యం, పచ్చ బియ్యం వరసగా పేపర్ల మీద ఆరడం చూసింది.

"ఏమ్మే, తినే బియ్యానికి రంగేస్తావా? పిలకాయ చెయ్యి కెలకాలంటే నా చాటలో బియ్యం పోసిస్తా, రాళ్ళేరమను. వాడికి స్పర్శా వొస్తాది, నాకు పనీ అవతాది."

ఇరవై ఆరో మార్గంగా అచ్చువేయదగ్గ మాట. ఎవరూ రాసుకోలేదు.

మనవడు రంగుల బియ్యంలో ఏడు నిమిషాలు చేతులుంచాడు. గడియారం చూసే చెబుతున్నాను. ఎనిమిదో నిమిషంలో చెల్లెలి నెత్తిన దోసెడు పోశాడు. ఆ తర్వాత వారం రోజులు ఎంత ఊడ్చినా ఒక నీలం గింజ ఎక్కడో ఒకచోట అరికాలికి తగిలేది. దాన్ని చీమలు కూడా ముట్టలేదు.

ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనక చీటీ రాసిపెట్టాను. బియ్యం 180, రంగు సీసాలు 180, ట్రేలు 150, ఐసు పుల్లలు 60, జిగురు తుపాకీ, అందులోకి కడ్డీలు 310, బొమ్మలకంటించే గుడ్లకళ్ళు 50, ఇంట్లోనే అగ్నిపర్వతం పేల్చడానికి వంటసోడా, వినిగరు 90, మెరుపుల పొడి 120. వెరసి 1,140 రూపాయలు. 'ఇంట్లో ఉండే వస్తువులతోనే' అని జాబితాలో ఉంది. జిగురు తుపాకీ, గుడ్లకళ్ళు ముందుగానే సిద్ధంగా ఉండే ఆ ఇల్లెవరిదో ఒకసారి చూసి రావాలని ఉంది.

ఐసు పుల్లల దగ్గర రొంత ఆగాలి. మా చిన్నప్పుడు పుల్లైసు కొంటే పుల్ల ఊరికే వచ్చేది. చీకి చీకి పుల్లకు రంగు పోయేదాకా వదిలేవాళ్ళం కాదు. ఇప్పుడు ఐసు అంటని పుల్లలు యాభై కట్టగట్టి ప్యాకెట్లో అమ్ముతున్నారు. నాలుక తడపని పుల్లకు డబ్బిచ్చాను చూడండి, అక్కడ మాత్రం నాకు కడుపు మండింది.

ఆరో మార్గం ఇసుక. ఇసుక గురించి తిరుపతివాడికి చెప్పడం ఏమిటసలు! చంద్రగిరి మీదుగా వచ్చి, తిరుచానూరు పక్కగా సాగి, శ్రీకాళహస్తి గుడి పక్కన మలుపు తిరిగే స్వర్ణముఖిలో నీళ్ళు లేని నెలలే ఎక్కువ. నీళ్ళు లేకపోయినా ఇసుక ఉండేది. మోచేతి లోతు తవ్వితే చెలమలో తేటనీళ్ళు ఊరేవి. తడి ఇసుకలో పాదం పెట్టి, పైన మెత్తి, ఊపిరి బిగబట్టి కాలు లాక్కుంటే పిచ్చుకగూడు. ఆ ఇసుక కాస్తా రాత్రిపూట ట్రాక్టర్లెక్కి, లారీలెక్కి అపార్టుమెంట్లయింది. దాని దూరపు చుట్టం ఒకటి ఇప్పుడు గులాబీరంగు వేసుకుని, అరకిలో డబ్బాలో, 'చేతికి అంటదు' అన్న హామీతో అంగట్లో కూచుంది. ధర అడిగితే కిలో కందిపప్పుకంటే ప్రియం. ఇసుకలోంచి తైలం తీయడం ఎంత కష్టమో పూర్వం పెద్దలు చెప్పారుగానీ, డబ్బు తీయడం ఎంత సులువో చెప్పలేదు. అది లారీలవాళ్ళు ఒకసారి, బొమ్మల కంపెనీలవాళ్ళు ఇంకోసారి చేసి చూపించారు.

అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్ళో ఆటవస్తువులకు ఒక మ్యూజియం ఉంది. గొప్ప ఆటవస్తువుల్ని ఎంచి, ఏటా కొన్నింటికి అక్కడ కీర్తిమందిరంలో పీట వేస్తారు. 2005లో ఆ పీట అట్టపెట్టెకు దక్కింది, 2008లో కట్టెపుల్లకు, 2021లో ఇసుకకు. మూడూ మా ఊళ్ళో ఉండినవే. అట్టపెట్టెలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి, ఆన్‌లైన్లో తెప్పించిన బొమ్మలు వాటిలోనే వస్తాయి కాబట్టి. బొమ్మ మూలన పడ్డాక మనవరాలు పెట్టెలో కూచుంది. దాంట్లోనే నిద్రపోయింది కూడా.

పదకొండో మార్గం: పిల్లల్ని నీళ్ళలో ఆడనివ్వండి. యాడ? కొర్లగుంట, తాతయ్యగుంట... మా ఊళ్ళో పేటల పేర్లలో గుంటలున్నాయి, గుంటల్లో ఇళ్ళున్నాయి. పల్లెకు పోదామా అంటే, ఎండిన సొరకాయబుర్ర నడుముకు కట్టుకుని మేం దూకిన దిగుడుబావిలో ఇప్పుడు తుమ్మచెట్టు మొలిచి ఉంది. వెయ్యడుగుల బోర్లొచ్చి బావుల్ని ఎండగట్టాయి. బావిలో ఈతలు పోయాక పిలకాయలకు బోరొచ్చింది. మిగిలింది స్విమ్మింగ్ పూలు. నెలకింతని ఫీజు, టోపీ, కళ్ళద్దాలు అదనం.

ఇక్కడ మీరు నన్ను అనుమానించాలి. 'మా కాలంలో అయితే...' అని మొదలెట్టే ముసలోళ్ళను నేనూ నమ్మను. మమ్మల్ని ఎవరూ వినోదపరచలేదు, ఎవరికీ తీరిక లేక. ఎండాకాలంలో మా జేజి దగ్గరకు పోయి 'పొద్దు పోవడంలేదు' అంటే, 'అట్లనా నాయనా, రా' అని ముద్దుగా పిలిచి విత్తనం చెనిక్కాయలు వొలవమని మూట ముందరేసేది. బొటనవేలు బొబ్బలెక్కేది. అది లేకపోతే చింతపండు. కొట్టి గింజ తీయాలి. మాకు విసుగు తెలియక కాదు, నోరు తెరిస్తే పని తగులుతుందని మూసుకున్నాం. ఆ తీసిన చింతగింజలతోనే సాయంత్రం వామనగుంటలు. ఈ రెంటినీ కలిపి 'బంగారు బాల్యం' అంటున్నాం ఇప్పుడు. చింతచెట్టు మీంచి పడి చెయ్యి విరిగినవాణ్ణి, బావిలో పామును చూసి మూడు రోజులు జ్వరంతో పడుకున్నవాణ్ణి ఆ ఫోటోలో చేర్చం.

పద్నాలుగో మార్గం 'ఆటలతో సైన్సు'. కాన్పూరు ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తా 1978 ప్రాంతంలో హోషంగాబాద్ పల్లెల్లో సైన్సు ఎట్లా చెప్పాలా అని చూస్తూ, అగ్గిపుల్లల్ని సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత జీవితమంతా పారేసిన సామానుతోనే పిల్లలకు బొమ్మలు చేశాడు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. మా వీధిలో పిల్లవాడు వాల్వు ట్యూబు ముక్క పట్టుకుని కూచుంటే వాళ్ళ నాయన ఏమంటాడు? 'ఆ చెత్త పారేసి పోయి ఐఐటీ ఫౌండేషన్ లెక్కలు చెయ్యి.' 2015లో మాకూ ఒక ఐఐటీ వచ్చింది, ఇప్పుడది ఏర్పేడు పక్కన ఉంది. ఆ మండలంలోనే మాధవమాల ఉంది, కొయ్య చెక్కి బొమ్మలు చేసేవాళ్ళ ఊరు. ఐఐటీ కోసం లక్షలు కట్టేవాళ్ళను చూశానుగానీ, పిల్లవాణ్ణి మాధవమాల తీసుకుపోయి ఒక పూట ఉలి చప్పుడు వినిపించినవాణ్ణి ఇంకా చూడలేదు. నేనూ తీసుకుపోలేదు.

ఇరవయ్యో మార్గం వేషధారణ. ఇది చదివి నవ్వొచ్చింది. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజులు ఊరంతా వేషాలే. బైరాగి వేషానికి నామకొమ్ము ఉండ ఒకటి అరగదీసి ఒంటికి పూస్తే చాలు. తోటి వేషానికి బొగ్గుపొడి, వేపాకు. మీసాలున్న మొగాళ్ళు చీరలు కట్టుకుని జడలేసుకుని వీధుల్లో తిరుగుతుంటే అదేమని అడిగేవాడుండడు. బండ వేషం నాడు అయితే బూతులు తిట్టడం మొక్కు. పిలకాయలకు ఏడాదికొకరోజు తిట్టే లైసెన్సు ఇచ్చే ఊరు ఇంకోటి ఉంటే చెప్పండి, పోయి దండం పెట్టి వస్తాను. అలాంటి ఊళ్ళో స్కూలు ఫ్యాన్సీ డ్రెస్సు పోటీకి ఝాన్సీ లక్ష్మీబాయి గుడ్డలు రోజు బాడుగకు తెస్తున్నాం. మనవడికి బైరాగి వేషం మా ఆవిడే వేసింది. వాడు తెల్లగా మెరుస్తూ గుడిదాకా నడిచాడు, పొద్దుగూకేదాకా స్నానానికి రానన్నాడు. మరునాడు బండ వేషమని తెలిసి మా అమ్మాయి తలుపు గడియ పెట్టింది.

జూ పార్కుకు, అలిపిరి దారిలో సైన్స్ సెంటరుకు కూడా తీసుకుపోయాను. 1987 నుంచి ఒకటి, 1993 నుంచి ఒకటి ఉన్నాయి. టిక్కెట్టుకు మోసం లేదు. జూలో మనవరాలికి నచ్చింది ఉడుత. ఇంకొక సాయంత్రం ఒక ఆటల హాలుకు పోయాం. లోపలికి పోవాలంటే మేజోళ్ళు ఉండాలి, అవి వాళ్ళ దగ్గరే కొనాలి, ఆట గంటలెక్కన. పిల్లలు గెంతుతున్నంతసేపూ నేను గోడ గడియారం చూస్తూ గెంతాను.

జాబితా ఇరవై రెండో మార్గం దగ్గర ఉండగా మా పక్క ఖాళీ ప్లాటులోకి తిరుచెంగోడు రిజిస్ట్రేషన్ బోరు బండి వచ్చింది. ఇల్లు కట్టబోతూ ముందు నీళ్ళు చూసుకుందామని ప్లాటాయన ఆలోచన. పొద్దున ఆరుకు పూజ, ఆరున్నరకు దడదడ. మనవడు బ్రష్షు నోట్లో పెట్టుకునే పిట్టగోడ ఎక్కాడు. దిగలేదు. మొదట ఎర్రమన్ను, తర్వాత తెల్లటి పొడి, తర్వాత బూడిదరంగు రాతిపొడి గుంతలోంచి ఎగదన్నింది. మూడింటినీ మూడు టీ గ్లాసుల్లో పట్టి గోడమీద వరస పెట్టాడు. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులని బండి కుర్రాణ్ణి అడిగి తెలుసుకుని, రాడ్డు దిగినప్పుడల్లా గోడమీద బొగ్గుతో గీత గీసి లెక్క కట్టాడు. టిఫిను అక్కడే, అన్నం అక్కడే. తల, కనురెప్పలు, చెవులు అన్నీ తెల్లపొడి. మళ్ళీ బైరాగి అయ్యాడు. చెల్లెలు కూడా పక్కన చేరింది. మా ఆవిడ మజ్జిగ చెంబు అందించి, 'ఇంగ ఈళ్ళకి నేనేం పెట్టబళ్ళేదు' అని లోపలికి పోయింది. మా అమ్మాయి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

రాత్రి పదకొండుకు బండి ఆగింది. వాడి గోడమీద నలభై ఆరు గీతలున్నాయి. తొమ్మిది వందల ఇరవై అడుగులు. నీళ్ళు పడలేదు. ఖర్చంతా పక్క ప్లాటాయనది.