నోరు మూసిన పాపాయి, నోరు మూయని మిక్సీ

తార్నాక చౌరస్తా చుట్టుపక్కల ఉన్నంత విజ్ఞానం దేశంలో ఇంకే పేటలోనూ ఉండదేమో. ఒకపక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం. దాన్ని ఆనుకునే జాతీయ పోషకాహార సంస్థ. ఉప్పల్ రోడ్డెక్కితే ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. జన్యువుల గుట్టు విప్పేవాళ్లు, భూకంపాల జాడ పట్టేవాళ్లు, కొత్త మందులు కనిపెట్టేవాళ్లు అందరూ ఈ వీధుల్లోనే వంకాయలు బేరమాడతారు. ఇంతమంది మేధావులూ కలిసి ఓడిపోతున్నది ఒకే ఒక్కరి చేతిలో. ఆమెకు ఎనిమిది నెలలు. పళ్లు రెండు. గుజ్జు కనబడితే చాలు, నోరు మూసేస్తుంది.

ఈ యుద్ధానికి మూలం ఒక సిద్ధాంతం. ఏడాది నిండేదాకా బిడ్డ నోట్లోకి పోయే ప్రతిదీ ముందు మిక్సీలో పడాలట. ఇది ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు, ఏ గైడూ దీని మీద సంతకం పెట్టలేదు. అయినా మూడో అంతస్తు నుంచి ఐదో అంతస్తుకు, అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపుకు ఎక్కి శాస్త్రమైపోయింది. పొద్దున తొమ్మిదింటికి విజయపురి కాలనీలో ఏ అపార్ట్‌మెంట్ మెట్లెక్కినా ఆ మోత వినిపిస్తుంది. చట్నీ జార్‌లో ఒక ఇడ్లీ, ఉడికించిన క్యారెట్, సగం యాపిల్, నానబెట్టి పొట్టు తీసిన రెండు బాదంపప్పులు, కాసిని పాలు. ముందు ఒకటో నంబరు, తర్వాత మూడో నంబరు. అప్పటికీ నమ్మకం చాలక టీ జాలీలో పోసి చెంచా వెనకతో రుద్దుతారు. ఇడ్లీ రుచి, క్యారెట్ తీపి, యాపిల్ పులుపు అన్నీ పైనే ఆగిపోయి, కిందికి మాత్రం గోడలకు పట్టించే లప్పం లాంటిదొకటి దిగుతుంది.

ఇక తినిపించే తంతు. ఒకరు చేతులు పట్టుకుంటారు, ఒకరు ఫోన్లో బొమ్మలు ఆడిస్తారు, మూడోవారు పాప నోరు తెరిచిన క్షణం కనిపెట్టి చెంచా దోపుతారు. పాప ఉమ్మేస్తుంది. వెంటనే ఇంట్లో వైద్య మండలి సమావేశమవుతుంది. “దిష్టి తగిలింది, ఉప్పు మిరపకాయలు తిప్పెయ్ బిడ్డా” అంటుంది నానమ్మ. “పండ్లొచ్చే టైం గదా, గట్లనే ఉంటది” అని ఫోన్లో అమ్మమ్మ. పీహెచ్‌డీ ఉన్న నాన్న ఆకలి పుట్టించే టానిక్ పేరు గ్రూపులో అడుగుతాడు. ఈ చర్చ సాగుతుండగానే పాప నేల మీదికి దిగి, పొద్దుటి చపాతీ తునక ఒకటి కనిపెట్టి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఏరుకుని, నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది. ఇల్లంతా ఒక్కసారి గొల్లుమంటుంది. నోట్లో వేలు పెట్టి తునక లాగేస్తారు. సాయంత్రం డాక్టర్ దగ్గర “ఏమీ తినట్లేదు సార్” అని చెప్పేది ఈ పాప గురించే.

మిక్సీ పక్షం దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది: పళ్లు లేకుండా ఎలా నములుతుంది? నమిలే దవడ పళ్లు మామూలుగా ఏడాది దాటాక గానీ రావు. అంతకు ముందొచ్చే పళ్లు కొరకడానికే. వాటిని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఏడాదిన్నర పిల్లకూ జాలీయే గతి. ఉడికిన చిలగడదుంపను నలపడానికి చిగుళ్లు చాలు. ఆరు నెలలు నిండాక మెత్తగా మెదిపిన ఆహారంతో మొదలుపెట్టమని, ఎనిమిది నెలలకల్లా చాలామంది పిల్లలు చేత్తో పట్టుకుని తినగలుగుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. ఇంగ్లండులో బ్రిస్టల్ ప్రాంతంలో పుట్టిన వేలమంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. పలుకులున్న తిండి ఆలస్యంగా ఎరిగిన పిల్లలు తర్వాత తిండి దగ్గర ఎక్కువ పేచీ పెట్టారు. ఏడేళ్ల వయసులోనూ పండ్లు, కూరగాయలు తక్కువే తిన్నారు. అంటే పేచీ తగ్గాలని తిప్పే మిక్సీయే పేచీకి అంట్లు కడుతూ ఉండొచ్చు.

అసలు భయం గొంతులో అడ్డుపడుతుందని. ఆ భయం అబద్ధం కాదు. కానీ ఓకరింత వేరు, ఊపిరాడకపోవడం వేరు. పసివాళ్లలో ఓకరింత పుట్టించే చోటు నాలుక మీద పెద్దవాళ్లకన్నా ముందుకు ఉంటుంది. ముక్క గొంతు దాకా పోకముందే శరీరం దాన్ని వెనక్కి నెడుతుంది. అప్పుడు చప్పుడు వస్తుంది, దగ్గు వస్తుంది, మొహం ఎర్రబడుతుంది. నిజంగా అడ్డుపడితే మాత్రం గొంతు పెగలదు, దగ్గు రాదు. తార్నాక ఇళ్లలో మొదటిదానికే అంబులెన్స్ నంబరు వెతుకుతారు. రెండోదానికి ఏం చేయాలో నేర్చుకున్న ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఎవరికి వారు లెక్క చూసుకోవచ్చు.

పోనీ ఈ జాలీ గుజ్జు తాతల నాటిదా? ఉగ్గు ఉండేది, నిజమే. అది తొలి మెట్టు, ఆపైన పప్పన్నం మెదిపే చెయ్యి ఉండేది. వడగట్టిన గుజ్జును ప్రపంచమంతా తిప్పింది డబ్బాల వ్యాపారం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఫ్రీమాంట్‌లో కార్ఖానా నడిపే గెర్బర్ కుటుంబం 1928లో వడగట్టిన కూరగాయలను డబ్బాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. తమాషా ఏమిటంటే, అదే 1928లో అదే దేశంలో క్లారా డేవిస్ అనే వైద్యురాలు ఇంకో రకం ప్రయోగం అచ్చువేసింది. అప్పుడే తల్లిపాలు మానిన పసివాళ్ల ముందు రకరకాల తిండి పెట్టి, నర్సులకు ఒకటే మాట చెప్పింది: బిడ్డ చెయ్యి చాపేదాకా చెంచా కదపొద్దు, వేళ్లతో తింటే తిననివ్వండి. 1939 నాటికి 15 మంది పిల్లల ఫలితాలు చెప్పింది. అందరూ పుష్టిగా పెరిగారు. ఆ పళ్లేల్లో పంచదార లేదన్నదే ఆమె కిటుకు. గెర్బర్ డబ్బా ఖండాలు దాటింది. నర్సులకు చెప్పిన మాట మాత్రం తార్నాక దాకా రాలేదు.

డబ్బాల్లోని పంచదార మాత్రం వచ్చింది. రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రచారం చేయకూడదని 1992 నాటి చట్టం, 2003లో దానికి చేసిన సవరణ చెబుతున్నా, డబ్బాను గుర్తుపట్టని ఇల్లు లేదు. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్ సంస్థ పబ్లిక్ ఐ ఒక లెక్క బయటపెట్టింది. జర్మనీ, బ్రిటన్‌లలో చేర్చిన చక్కెర లేకుండా అమ్మే సెరెలాక్‌లో, భారత్‌కు వచ్చేసరికి ఒక్కో వడ్డనకు సుమారు మూడు గ్రాములుందట. చక్కెర తగ్గిస్తూ వస్తున్నామని కంపెనీ జవాబిచ్చింది.

మిక్సీ పక్షానికి ఈమధ్య ప్రతిపక్షం కూడా పుట్టింది. బిడ్డ తన చేత్తోనే తినాలనే దీనికి చెంచా అంటరానిది. బ్రిటన్‌లో గిల్ రాప్లే, ట్రేసీ మర్కెట్ 2008లో రాసిన పుస్తకం దీనికి వేదం. అవకాడో నైవేద్యం, సిలికాన్ బిబ్బు వస్త్రం, ఆన్‌లైన్ కోర్సు దక్షిణ. పక్కింటి బామ్మ ఇడ్లీ ముక్క చేతికిస్తే అపచారం. అదే ఇడ్లీని వేలెడు పొడవున కోసి, ఇంగ్లిషు పేరు పెట్టి, ఫీజు కట్టించుకుని చెబితే విజ్ఞానం. సొంతంగా తిన్న పిల్లలకు ఊబకాయం రాదని వీళ్ల హామీ. న్యూజిలాండ్‌లో 206 కుటుంబాలతో జరిగిన పరీక్ష ఫలితాలు 2016, 2017ల్లో వచ్చాయి. బరువులో తేడా ఏమీ లేదు. అయితే జాగ్రత్తలు నేర్పాక ముక్కలిచ్చిన పిల్లల్లో అడ్డుపడటం చెంచా పిల్లలకన్నా ఎక్కువేమీ కాలేదు. ఒక్క దెబ్బకు రెండు పక్షాల ఎన్నికల ప్రణాళికలూ చిత్తయ్యాయి. ఇంకో చేదు నిజం కూడా ఉంది. ప్రమాదకరమైన తిండి రెండు గుంపుల్లోనూ చాలామందికి పెడుతూనే ఉన్నారు.

అసలైన జవాబు న్యూజిలాండ్ దాకా పోకుండా గేటు పక్కనే ఉంది. ఉస్మానియా పుట్టిన 1918లోనే కూనూరులో మెకారిసన్ అనే పరిశోధకుడు చిన్న బెరిబెరి పరిశోధన విభాగంగా మొదలుపెట్టిన సంస్థ, 1958లో హైదరాబాద్ చేరి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి పరిశోధకులు నల్గొండ జిల్లాలో 60 పల్లెల్లో, మూడు నెలల వయసు నుంచి పిల్లలను ఏడాది పాటు అనుసరించారు. 20 పల్లెల్లో మామూలు అంగన్‌వాడీ సేవలే. మరో 20 పల్లెల్లో ఏం పెట్టాలో నేర్పారు. మిగతా 20 పల్లెల్లో దానికి తోడు ఎలా పెట్టాలో నేర్పారు: బిడ్డ సైగలు గమనించాలి, బలవంతం చేయొద్దు, మాట్లాడుతూ ఆడిస్తూ తినిపించాలి. నేర్పింది ఊళ్లోని ఆడవాళ్లే. ఏడాది తర్వాత, నేర్పిన రెండు గుంపుల పిల్లలూ మామూలు పల్లెల పిల్లలకన్నా బాగా తిన్నారు. గిడసబారడం తగ్గింది మాత్రం ఏం పెట్టాలో ఒక్కటే నేర్పిన చోట. మానసిక వికాస పరీక్షలో స్కోరు పెరిగింది ఎలా పెట్టాలో కూడా నేర్పిన చోట. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. ఆ సంస్థ ముందు నుంచే రోజూ ఆటోలో వెళ్లే తల్లిదండ్రులు నోరు తెరిపించే చిట్కా కోసం యూట్యూబ్ వెతుకుతున్నారు.

కాబట్టి గుజ్జు వద్దన్న పాప ముందు పెట్టాల్సినవి తార్నాక బజారులోనే దొరుకుతాయి. వేళ్ల మధ్య నొక్కితే నలిగేంతగా ఉడికించిన చిలగడదుంప, క్యారెట్, సొరకాయ ముక్కలు. ఇడ్లీ, మెత్తని పెసరట్టు అంచు, బాగా ఉడికిన గుడ్డు, మాగిన అరటిపండు. పక్కనే చేత్తో మెదిపిన పప్పన్నం, చెంచాతోనైనా సరే. పెట్టకూడనివి: గింజగా ఉన్న పల్లీలు, కోయని ద్రాక్ష, పాప్‌కార్న్, పచ్చి క్యారెట్, ఏడాదిలోపు తేనె. పాప నిటారుగా కూర్చోవాలి, పెద్దవాళ్లెవరో ఒకరు కళ్లార్పకుండా పక్కన ఉండాలి, ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. ఆన్‌లైన్ కోర్సుకు ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు సర్టిఫికెట్‌ను ఆమెకు అందనంత ఎత్తున పెట్టుకుంటే మంచిది. కాగితం గొంతులో అడ్డుపడుతుంది.